కామిక్ కాన్‌లో బొమ్మల కథల ఆర్టిస్టును కలవడం: చిత్తూరు నుంచి అడిగిన ఒక నాన్నకు

అన్నా, మీరు అడిగింది ఇదీ. మీ పాప డిగ్రీ రెండో ఏడు చదువుతోంది, బొమ్మల కథలు గీస్తుంది. చెన్నై కామిక్ కాన్‌కు (రెండు రోజులు జరిగే బొమ్మల కథల మేళా అది) పోయి, సొంతంగా పుస్తకాలు వేసుకునే ఆర్టిస్టు ఒకరిని కలిసి తన బొమ్మలు చూపించాలంటోంది. ఏం తీసుకుపోవాలి, ఏం మాట్లాడాలి, మీరు వెంట పోవాలా వద్దా?

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. పోండి. కానీ ఆ టేబుల్ దగ్గర నిలబడొద్దు. "మా పాప చిన్నప్పట్నుంచీ బాగా గీస్తాది సార్" అని మీరు ఒక్క మాట అన్నారంటే, ఆ ఆర్టిస్టు ఆ పిల్లతో కాక మీతో మాట్లాడడం మొదలుపెడతాడు, అదీ మర్యాద కోసం. కనబడేంత దూరంలో కాఫీ తాగుతూ ఉండండి, చాలు.

ముందుగా ఆ టేబుల్ అవతల కూర్చున్న మనిషి పరిస్థితి ఏమిటో పాపకు తెలియాలి. ఆరడుగుల బల్ల ఒకటి అద్దెకు తీసుకుని ఉంటాడు. పుస్తకాలు అమ్మడం, చిల్లర ఇవ్వడం, అడిగినవాళ్ళకు స్కెచ్ గీసిపెట్టడం అన్నీ తనే. భోజనానికి లేవాలన్నా పక్క టేబుల్ వాళ్ళకు అప్పజెప్పి పోవాలి. ఆ రెండు రోజుల అమ్మకంలోనే టేబుల్ అద్దె, రైలు ఖర్చు, అచ్చు ఖర్చు రాబట్టుకోవాలి. కాబట్టి మీ పాపకు దొరికేది ఐదు నిమిషాలు, మహా అయితే పది. అరవై బొమ్మలున్న పెద్ద ఫైలు ఆ టైములో ఎవరూ చూడలేరు. మొదటి నాలుగు తిప్పి, "బాగుంది, గీస్తూ ఉండండి" అని మూసి ఇచ్చేస్తారు. ఆ మాటలో మెచ్చుకోలూ లేదు, సలహా లేదు.

ఐదు నిమిషాల్లో చూడగలిగింది ఒకటే: మొదలూ చివరా ఉన్న చిన్న కథ, అచ్చయి, చేతిలో పట్టుకునేలా. పేరున్న హీరోల బొమ్మలూ జపాన్ కార్టూన్ల నకళ్ళూ ఎంత బాగా వేసినా ఇక్కడ పనికిరావు. అవి చేతివాటం చూపిస్తాయి గానీ కథ చెప్పడం వచ్చో రాదో చెప్పవు.

అన్నిటికన్నా తేలిక ఒక్క ఏ4 కాగితంతో ఎనిమిది పేజీల పుస్తకం. కాగితాన్ని అడ్డంగా పెట్టి ఎనిమిది గళ్ళు వచ్చేలా మడవండి. కింది వరుసలో ఎడమ నుంచి 8, 1, 2, 3 పేజీలు వస్తాయి. పై వరుసలో ఎడమ నుంచి 7, 6, 5, 4, ఇవి తలకిందులుగా ఉండాలి. నడిమధ్య అడ్డగీత మీద మధ్య రెండు గళ్ళ మేర మాత్రమే కత్తిరించి, పొడుగ్గా సగానికి మడిచి రెండు కొసల్నీ లోపలికి నెడితే పుస్తకం అయిపోతుంది. పిన్ను కూడా అక్కర్లేదు. ఒకటి అట్ట, ఎనిమిది వెనక అట్ట పోగా కథకు ఆరు పేజీలు మిగులుతాయి. ఒక్కో పేజీ 74 × 105 మిల్లీమీటర్లు. జిరాక్స్ మిషన్ కాగితం అంచు దాకా అచ్చు వేయదు కాబట్టి బయటి వైపు 6 మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి, లేకపోతే చివరి గీతలు ఎగిరిపోతాయి.

ఎక్కువమంది తప్పు చేసేది సైజు దగ్గర. ఏ4 మీద గీసి ఈ చిన్న పేజీకి కుదిస్తే బొమ్మ దాదాపు మూడోవంతుకు పడిపోతుంది. 0.3 పెన్నుతో వేసిన గీత 0.1 అయి జిరాక్స్‌లో మాయమవుతుంది. ఏ5 మీద గీస్తే సరిగ్గా సగం అవుతుంది, లెక్క సులభం: 0.5 పెన్ను గీత 0.25గా నిలబడుతుంది. పెన్సిల్ షేడింగ్, నీళ్ళరంగు బూడిద ఛాయలు జిరాక్స్‌లో మసిగుడ్డలా వస్తాయి. నీడ కావాలంటే గీతలు గీతలుగానో చుక్కలుగానో వేయాలి. పెద్ద నల్లమచ్చ మడతమీదికి వస్తే అక్కడ పొడి రాలి తెల్లచార పడుతుంది, మడతకు దూరంగా జరపండి.

కథ ఇంకాస్త పెద్దదైతే ఏ5 పుస్తకం చేయించండి. నాలుగు ఏ4 కాగితాలు రెండువైపులా కొట్టిస్తే 16 పేజీలు. ఎప్పుడూ నాలుగుతో భాగించగలిగే లెక్క ఉండాలి, 14 పేజీల కథ అంటే రెండు ఖాళీగా తేలతాయి. లోపలికి 100 జీఎస్ఎం (కాగితం దళసరికి లెక్క) కాగితం బాగుంటుంది. మామూలు 70 జీఎస్ఎం అయితే వెనక పేజీ నలుపు ముందుకు కనిపిస్తుంది. అట్టకు 170 నుంచి 200. అంతకన్నా మందమైతే మడత దగ్గర పగులుతుంది, ముందుగా స్కేలు పెట్టి ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా ఒక గీత లాగి, ఆ గీత మీద మడవాలి. షాపులో పీడీఎఫ్ ఇచ్చి బుక్‌లెట్ పద్ధతిలో ప్రింట్ కొట్టమనండి. రెండోవైపు "షార్ట్ ఎడ్జ్" (కాగితం పొట్టి అంచు) మీద తిరగాలని కూడా చెప్పండి. లాంగ్ ఎడ్జ్ అని కొట్టేస్తే వెనక పేజీలన్నీ తలకిందులై వస్తాయి, డబ్బులు మాత్రం మీరే కట్టాలి. అందుకే ముందు ఒక్క కాపీ తీయించి, మడిచి, మొదటి నుంచి చివరిదాకా తిప్పి చూశాకే మిగతావి కొట్టించండి. మధ్యలో పిన్ను కొట్టడానికి పొడుగు చేతి స్టాప్లర్ లేకపోతే, మామూలు స్టాప్లర్‌ను విప్పి కింద థర్మాకోల్ ముక్క పెట్టి పొడిచి, వెనక కొసల్ని స్పూన్‌తో వంచొచ్చు. పదిహేను, ఇరవై కాపీలు చాలు.

ఇప్పుడు తెలుగు అక్షరాల సంగతి. ఇంగ్లీషు కామిక్స్ చూసి నేర్చుకున్న పిల్లలు మాటల బుడగల్ని నిలువుగా, సన్నగా గీస్తారు. తెలుగు మాట పొడుగు, సంధి కలిస్తే ఇంకా పొడుగు, సన్న బుడగలో ప్రతి వరసా మధ్యలో విరిగిపోతుంది. వత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి కాబట్టి వరసకూ వరసకూ మధ్య ఖాళీ కూడా ఇంగ్లీషు కన్నా ఎక్కువ కావాలి. అడ్డంగా, వెడల్పుగా ఉండే బుడగలే మనకు కుదురుతాయి. గడిలో ముందు మాటలు పెన్సిల్‌తో రాసి, చుట్టూ బుడగ వేసి, మిగిలిన చోట్లో మనుషుల్ని గీయమనండి. అది తిరగేస్తే చివర్లో ఎవరి తలమీదో బుడగ ఎక్కుతుంది. మనకు పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా లేదు గనక అరుపునూ గుసగుసనూ అక్షరం సైజుతో, మందంతోనే చూపించాలి. చిన్న పుస్తకంలో 9 పాయింట్ల కన్నా తగ్గితే వత్తు ముద్దయిపోతుంది.

చేతిరాత బాగుంటే చేత్తోనే రాయడం మేలు. కంప్యూటర్ మీదైతే సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా ఇచ్చిన యూనికోడ్ ఫాంట్లున్నాయి: రామభద్ర, మండలి, సురన్న, ధూర్జటి ఇలా. (శ్రీకాళహస్తి కవి ధూర్జటి పేరున్న ఫాంటు మన వైపు పిల్ల పుస్తకంలో ఉంటే ముచ్చటే గానీ, అది చదవడానికి వీలుగా ఉందో లేదో అచ్చులో చూశాకే తేల్చుకోండి.) పాత ఫొటోషాప్‌లో దక్షిణాసియా భాషల ఎంపిక పెట్టకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఇంక్‌స్కేప్‌లో ఆ ఇబ్బంది రాదు. డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టిస్తే, పీడీఎఫ్ చేసేటప్పుడు అక్షరాల్ని అవుట్‌లైన్లుగా (అంటే బొమ్మలుగా) మార్చమని చెప్పండి, లేకపోతే ఇంకో కంప్యూటర్లో పిచ్చిగీతలు రావొచ్చు.

"చెన్నైలో ఆర్టిస్టుకు తెలుగు రాకపోతే ఎలా, ఇంగ్లీషులో రాయించాలా?" అన్నారు. వద్దు. తెలుగులోనే ఉండనీయండి. తెలుగు రాని ఆర్టిస్టు దొరకడమే మీ పాపకు మేలు. మాటలు చదవలేనివాడు బొమ్మల్నే చదువుతాడు. మామిడికాయల లారీ గుజ్జు ఫ్యాక్టరీ ముందు క్యూలో రెండు రోజులు నిలబడిన కథ అనుకోండి. డ్రైవర్ ఎవరు, రైతు ఎవరు, రాత్రి ఎప్పుడైంది, కాయ ఎప్పుడు మెత్తబడింది, ఇవన్నీ ఒక్క అక్షరం చదవకుండా అతనికి అర్థమైతే ఆ పేజీలు నిలబడినట్టు. కాకపోతే ఎక్కడ కుంటుతోందో అక్కడే తెలిసిపోతుంది.

అందుకని పుస్తకం చేతికిచ్చాక పాప నోరు మెదపకూడదు. ఇది చాలా కష్టం, అందరూ "ఇక్కడ ఏమైందంటే..." అని మొదలుపెడతారు. వద్దు. అతని చేతివేళ్ళనూ కళ్ళనూ చూడమనండి. ఎక్కడ ఆగాడు? ఎక్కడ ఒక పేజీ వెనక్కి తిప్పాడు? వెనక్కి తిప్పాడంటే సాధారణంగా మూడు కారణాలుంటాయి. ఒకటి, ఒకే మనిషి రెండు గళ్ళలో రెండు రకాలుగా ఉన్నాడు. ముఖం కన్నా తువ్వాలు, జుట్టు, బొజ్జ లాంటి ఆకారం గుర్తు ఉంచితే ఇది పోతుంది. రెండు, మాట్లాడుకునే ఇద్దరిలో ఎడమవైపున్న మనిషి తర్వాతి గడిలో కుడివైపుకు మారిపోయాడు, ఎవరు ఎవరో తెలీడం లేదు. మూడు, చోటు చూపించే పెద్ద గడి లేకుండా అన్నీ ముఖాలే గీశారు. ఇంకొకటుంది, ఇది కాస్త సూక్ష్మం: ఎడమ పక్క పొడుగు గడి, కుడి పక్క ఒకదాని కింద ఒకటి రెండు చిన్న గళ్ళు ఉన్నప్పుడు చదివేవాడు సరిగ్గానే పోతాడు. దాన్ని తిప్పి ఎడమన రెండు, కుడిన ఒకటి పెడితే, పై గడి తర్వాత కిందికి దిగాలా పక్కకు పోవాలా అని తడబడతాడు. మొదట్లో ఈ రెండో అమరికను వాడకపోవడమే మంచిది.

చూసిందంతా అక్కడే రాసుకోకుండా, పక్కకు వచ్చాక ఒక కాపీ మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకోవాలి. కథ సారాంశం ఇంగ్లీషులో రెండు వాక్యాలు ఒక చీటీ మీద రాసి దగ్గర ఉంచుకోవాలి, కానీ అది అతను మొత్తం చూసి ముగించాకే ఇవ్వాలి. మాట్లాడడానికి భాష ఇబ్బంది మీకు పెద్దగా ఉండదు, చిత్తూరు వాళ్ళకు అరవం కొత్తా?

ఇక ఎవరిని కలవాలి, ఎప్పుడు కలవాలి. చెన్నై కామిక్ కాన్ 2024 ఫిబ్రవరిలో మొదలైంది, నందంబాక్కం ట్రేడ్ సెంటర్‌లో. ఈ ఏటి తేదీలూ చోటూ టికెట్ కొనేముందు నిర్వాహకుల పేజీలో చూసుకోండి. అదే సంస్థ హైదరాబాద్‌లో, బెంగళూరులో కూడా నడుపుతుంది. బెంగళూరు వేదిక వైట్‌ఫీల్డ్ వైపే ఉంటే అదీ మీకు తేలికే, ముళబాగిలు, కోలారు, హొసకోటె మీదుగా పోతే ఊళ్ళోకి దూరకముందే వస్తుంది. నందంబాక్కం ట్రేడ్ సెంటర్ మౌంట్-పూనమల్లి రోడ్డు మీదుంది. చిత్తూరు నుంచి రాణిపేట, కాంచీపురం దారిలో వచ్చే బస్సు పూనమల్లి మీదుగానే నగరంలోకి వస్తుంది కాబట్టి, అక్కడే దిగి పోరూరు మీదుగా పోండి. కోయంబేడు దాకా పోయి వెనక్కి రావడం టైము దండగ. కాట్పాడిలో రైలెక్కితే సెంట్రల్ దాకా పోయి, మెట్రోలో ఆలందూరు వచ్చి, అక్కడి నుంచి ఆటో.

పది రోజుల ముందే నిర్వాహకుల పేజీలో ఏ ఆర్టిస్టులు వస్తున్నారో చూడండి. టేబుల్ నంబరును చాలామంది ఆర్టిస్టులు తమ ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారు. ఇద్దరు ముగ్గుర్ని ఎంచుకుని, ఒక్కొక్కరిది కనీసం ఒక పుస్తకమో, ఆన్‌లైన్‌లో పెట్టిన ఒక కథో పూర్తిగా చదవాలి. చదవకుండా పోతే అడగడానికి ప్రశ్నే ఉండదు. టేబుల్ వెనకున్న మనిషే గీసినవాడని కూడా అనుకోవద్దు. ఇలాంటి పుస్తకాల్లో రాసేవాళ్ళు, పెన్సిల్ వేసేవాళ్ళు, ఇంకు వేసేవాళ్ళు, రంగులు నింపేవాళ్ళు, అక్షరాలు పెట్టేవాళ్ళు వేర్వేరుగా ఉండొచ్చు. మొదటి పేజీలో పేర్లుంటాయి, చూసుకోండి. రచయితను పట్టుకుని "ఈ నీడలు ఎలా వేశారు సార్" అంటే ఇద్దరికీ ఇబ్బంది.

పోయే టైము మొదటి రోజు గేటు తెరిచిన గంటలోపల, లేదంటే రెండో రోజు పొద్దున. శనివారం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా జనం తిరణాలలా ఉంటారు, అప్పుడు బుర్ర పెట్టి చూడడం ఎవరివల్లా కాదు. స్టేజి మీద కాస్‌ప్లే (కథల్లోని పాత్రల వేషాలు కట్టడం) పోటీ నడిచేటప్పుడు టేబుళ్ళ దగ్గర కొంచెం ఖాళీ దొరుకుతుంది, ఆ టైము కనుక్కుని పెట్టుకోండి. (కాస్‌ప్లే అంటే కంగారుపడకండి, తిరుపతి గంగజాతరలో బైరాగి వేషం, మాతంగి వేషం చూసిన కళ్ళకు అదేం వింత కాదు. ఫొటో తీసేముందు వాళ్ళను అడగాలి, అంతే.) ఆర్టిస్టు తింటున్నా, డబ్బు లెక్కపెడుతున్నా, కమిషన్ స్కెచ్ (ఎవరో డబ్బిచ్చి అడిగిన బొమ్మ) గీస్తున్నా పక్కకు తప్పుకుని మళ్ళీ రావాలి. టేబుల్‌కు ఎదురుగా కాదు, ఓ మూలకు నిలబడాలి. కొనేవాళ్ళు వస్తే మాట మధ్యలో ఉన్నా వాళ్ళకు దారి ఇవ్వాలి. ఈ ఒక్క పని చూస్తే ఆర్టిస్టే "ఒక్క నిమిషం ఉండండి, మాట్లాడదాం" అంటాడు.

ముందు ఒక పుస్తకం కొనాలి. ఇది లంచం కాదు, ఆ మనిషి అక్కడ కూర్చున్నదే అందుకు. తిరుపతి గోవిందరాజస్వామి గుడి వీధి షాపుల్లోలాగా బేరమాడొద్దు. ధర అట్టమీద ఉంటుంది. హాల్లో జనం ఎక్కువైతే ఫోన్ సిగ్నల్ పడిపోయి యూపీఐ తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి వంద, యాభై నోట్లలో వెయ్యి రూపాయల దాకా చేతిలో ఉంచండి. కొన్నాక, "నేనూ బొమ్మల కథలు గీస్తాను, ఎనిమిది పేజీలే, ఇప్పుడు చూడ్డానికి వీలవుతుందా, తర్వాత రమ్మంటారా?" అని అడగాలి. "తర్వాత" అన్నాడంటే అది కాదనడం కాదు. ఎన్ని గంటలకు రమ్మంటారో అడిగి, ఆ టైముకే పోవాలి.

"మీరు ఆర్టిస్ట్ ఎలా అయ్యారు", "ఏ యాప్ వాడతారు" అనేవి వృథా ప్రశ్నలు, వాటికి జవాబులు ఇంటర్‌నెట్‌లోనే ఉంటాయి. పుస్తకం తెరిచి, వేలు పెట్టి అడగాలి: "ఈ పేజీలో గళ్ళకు గీతలు తీసేశారెందుకు?" "ఈ సీన్ మొదట ఎన్ని పేజీలు అనుకున్నారు?" "వారానికి ఎన్ని పేజీలు పూర్తవుతాయి?" అచ్చు గురించి అడిగితే ఇంకా లాభం: ఎన్ని కాపీలు వేశారు, డిజిటలా ఆఫ్‌సెట్టా, ఏ కాగితం, ఎన్ని మిగిలిపోయాయి. ఆఫ్‌సెట్‌లో ప్లేట్లకయ్యే ఖర్చు ముందే పడుతుంది, రంగుల పేజీలకైతే నాలుగేసి ప్లేట్లు. అది వందల కాపీల మీద పంచుకుంటేనే గిట్టుతుంది. డిజిటల్‌లో ప్లేట్లు ఉండవు, యాభై కొట్టించినా ఒక్కో కాపీ ఖర్చు పెద్దగా మారదు. ఎన్ని కాపీల దగ్గర ఒకదాన్నుంచి ఇంకోదానికి మారారని అడిగితే, దెబ్బలు తిని నేర్చుకున్న జవాబు దొరుకుతుంది.

"ఏ ఊరు?" అని ఎవరైనా అడుగుతారు. అప్పుడు శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ఫొటో ఒకటి ఫోన్‌లో ఉంటే మాట సాగుతుంది. రామాయణమంతా వరుసలు వరుసలుగా గళ్ళలో, బొమ్మ కింద తెలుగు రాతతో ఉంటుంది కదా. కొసకు గుడ్డ చుట్టిన వెదురు కలం, తుప్పు ఇనుమూ బెల్లమూ నానేసి తీసిన నలుపు అని చెప్తే, ఇంకుతో పనిచేసే ఏ ఆర్టిస్టూ ఆసక్తి లేకుండా వినడు.

స్కెచ్ గీయించుకోవాలంటే పొద్దున్నే పేరు ఇవ్వాలి, మధ్యాహ్నానికల్లా జాబితా నిండిపోతుంది. ఏ బొమ్మ కావాలో దాని ఫొటో నెట్ లేకుండా తెరుచుకునేలా ఫోన్‌లో దాచుకోవాలి. మన పేర్ల స్పెల్లింగు వాళ్ళకు తెలీదు, సంతకం చేయించుకునేముందు పేరు చీటీ మీద రాసి ఇవ్వాలి. నున్నటి అట్టమీద జెల్ పెన్ను పెట్టించొద్దు, వేలు తగిలితే అలుక్కుపోతుంది. లోపలి పేజీ మీద సంతకమే మేలు. మార్కర్లతో గీసేవాళ్ళకు స్కెచ్‌బుక్ ఇస్తే పేజీ కింద ఒక దళసరి కాగితం పెట్టి ఇవ్వాలి, ఇంకు కింది పేజీకి దిగుతుంది. గీశాక పది నిమిషాలు ఆరనిచ్చి, వెనక అట్టముక్క పెట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి తెచ్చుకోవాలి. ఇంటికొచ్చాక లామినేషన్ మాత్రం చేయించకండి. వేడికి కొన్ని ఇంకులు రంగు మారతాయి, అంటుకున్న జిగురు మళ్ళీ ఊడదు.

హక్కుల గురించి ఒక మాట, పాప రేపు తనే కమిషన్లు తీసుకుంటుంది కాబట్టి. టేబుల్ మీద అమ్మకానికి పెట్టిన ఒరిజినల్ పేజీ కొంటే ఆ కాగితం మనది, కాపీరైటు కాదు. టీషర్టు మీద అచ్చు వేసుకునే హక్కు రాదు. డబ్బిచ్చి ప్రత్యేకంగా గీయించుకున్న పెయింటింగు, పోర్ట్రెయిట్ లెక్క వేరు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే వాటి కాపీరైటుకు మొదటి హక్కుదారు గీయించుకున్నవాళ్ళే. అందుకే పాప ఎవరికైనా గీసి ఇచ్చేటప్పుడు "కాపీరైటు నాదే, మీరు సొంతానికి ఉంచుకోవచ్చు" అని ఒక మెసేజ్ పంపి, అవతలివాళ్ళ చేత ఒప్పుకోలు తీసుకోవాలి. ఒరిజినల్ పేజీల ఫొటోలు తీయాలన్నా, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాలన్నా అడిగి చేయాలి.

లేచి వచ్చేముందు ఆ చిన్న పుస్తకం ఒక కాపీ అతనికి ఇచ్చేయాలి. వెనక అట్టమీద పేరు, ఈమెయిల్ ఉంటే చాలు. ఇంటి ఫోన్ నంబరు వద్దు, బొమ్మల పనికోసం విడిగా ఒక ఈమెయిల్ తెరవండి. మీకు ఆడపిల్ల అనే భయం ఉంటుంది కాబట్టి చెప్తున్నాను, మాటలు టేబుల్ దగ్గరే, ఆ తర్వాతి సంగతులు ఈమెయిల్‌లోనే. నిజంగా సలహా ఇవ్వదలచిన వాళ్ళకు ఇది సరిపోతుంది.

వారంలోపు ఒక ఉత్తరం రాయాలి, ఐదు వరసలు మించకుండా: ఏ రోజు, ఏ పుస్తకం కొన్నది, అతను చెప్పిన ఏ మాట పట్టుకుని ఏ పేజీ మళ్ళీ గీసింది. పాత పేజీ, కొత్త పేజీ పక్కపక్కన పెట్టిన ఒక్క బొమ్మ, రెండు ఎంబీలు మించకుండా జతచేయాలి. జవాబు రాకపోతే మళ్ళీ గుర్తుచేయొద్దు. తర్వాతి ఎనిమిది పేజీలు అచ్చయ్యాక అది పంపితే చాలు.